వద్దు అనైనా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఒక పెద్దాయన తెలుగులో కొత్త రచయితలు రావడం లేదని వాపోయారు. చదివి నవ్వొచ్చింది, ఆనక కాస్త కోపమూ వచ్చింది. రాకపోవడమేమిటండీ, వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాం. లోపల్నుంచి రండి అనేవాళ్లు లేరు, పొండి అనేవాళ్లూ లేరు. నేను కొత్త రచయితని. వయసు 63.

1984లో తపాలా శాఖలో గుమస్తాగా చేరి, 2022లో సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. ఉద్యోగం చేసినంత కాలం విజయనగరం జిల్లా దాటలేదు. మనియార్డర్లు కట్టాను, చదువురాని ముసలమ్మలకు ఉత్తరాలు రాసిపెట్టాను, వలసపోయిన కొడుకుల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టాను. అలా విన్నవాటిలోంచే కథలు వచ్చాయి. వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో అప్పుడొకటి ఇప్పుడొకటిగా ఏడు అచ్చయ్యాయి. మిగతా పది ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి.

ఆ రోజుల్లో పత్రికలు కథలతో పాటు తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేయమనేవి. ఆ కవర్లు నా చేతుల మీదుగానే వెళ్లేవి, నా చేతుల మీదుగానే తిరిగొచ్చేవి. మా ఊళ్లో నాలాగే కథలు రాసే లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన పేరున్న కవరు నేను సంచిలోంచి తియ్యగానే బరువును బట్టి చెప్పేసేవాణ్ణి, కథ తిరిగొచ్చిందో, ఒట్టి ఉత్తరమే వచ్చిందో. బరువుగా ఉంటే పోస్ట్‌మాన్‌తో పంపకుండా సాయంత్రం నేనే పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణి. లోపల చిన్న అచ్చు చీటీ ఉండేది, ప్రచురించలేకపోతున్నందుకు విచారిస్తున్నామని. మాస్టారు ఆ చీటీలన్నీ గుచ్చి ఒక తీగకు వేలాడదీసుకున్నారు, కరెంటు బిల్లుల్లాగా. నా చీటీలు నేను పారేసేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, దాచుకోవలసింది.

2023 ఫిబ్రవరిలో నా పదిహేడు కథలూ మంచి కాగితాల మీద తిరగరాసి, 214 పేజీలు జిరాక్సు తీయించి, ఆరుగురు ప్రచురణకర్తలకు పంపాను. పాతకాలపు మనిషిని కదా, రిజిస్టర్ చేసి, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు కూడా పెట్టాను. ఆరు కార్డులూ సంతకాలతో తిరిగొచ్చాయి. మూడేళ్లలో వచ్చిన జవాబులు దాదాపుగా అవే.

దాదాపు అని ఎందుకన్నానంటే, ఒకాయన నాలుగు నెలలకు ఫోన్ చేశారు. ‘మాస్టారూ, మీ కథలు మూడు చదివాను. బాగున్నాయి. కానీ కథల పుస్తకం అమ్ముడుపోదు. డబ్బులు మీరు పెట్టుకుంటే మా పేరుతో వేస్తాం’ అన్నారు. ఆ మాటకు ఆ రోజు బాధపడ్డాను. ఇప్పుడాయన మీద గౌరవమే ఉంది. ఆరుగురిలో మొహం మీద చెప్పింది ఆయనొక్కరే. మిగిలిన అయిదు కట్టలూ ఏ బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయో తెలీదు. మా శాఖలో అడ్రసు దొరకని ఉత్తరాలకు కూడా ఒక ఆఫీసుంది, ఆర్.ఎల్.ఓ. అంటాం. విప్పి చూసి, పంపినవాళ్ల అడ్రసు దొరికితే వెనక్కి పంపిస్తారు. నా కట్టల మీద అడ్రసు రెండు వైపులా రాశాను.

బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు అదంతా విని, ‘మావయ్యా, నువ్వు నేరుగా పంపడమే తప్పు, ముందు లిటరరీ ఏజెంటును పట్టుకోవాలి’ అన్నాడు. మా పోస్టాఫీసులో ఏజెంటంటే జనం నెలనెలా కట్టే పొదుపు, ఆర్.డి. డబ్బులు వసూలు చేసి తెచ్చే అమ్మాయే. సాహిత్యానికీ ఏజెంట్లుంటారా అని అడిగాను. ఇంగ్లిషులో ఉంటారట. రచయిత తరఫున పబ్లిషర్లతో మాట్లాడి, ఒప్పందం కుదిర్చి, పుస్తకాలు అమ్మితే రచయితకు వచ్చే వాటాలో, అంటే రాయల్టీలో, నూటికి పదిహేను తీసుకుంటారట. తెలుగులో ఎందుకు లేరో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 150 రూపాయల పుస్తకం, పది శాతం రాయల్టీ అంటే కాపీకి 15. అయిదొందల కాపీలూ అమ్ముడుపోతే 7,500. అందులో పదిహేను శాతం 1,125 రూపాయలు. అదీ రెండేళ్లకో మూడేళ్లకో. ఈ డబ్బు కోసం నా కథలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి దొరికితే ముందు వాడి మీదే ఒక కథ రాయాలి.

ఏజెంటు లేని చోటుకు ఇంకొకళ్లు వచ్చేశారు. ఆ సంగతి కొత్తగా రాస్తున్నవాళ్ల కోసం వివరంగా చెబుతాను. ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చూశాను, ‘మీ పుస్తకం 30 రోజుల్లో ప్రపంచం చేతుల్లో’ అని. ఫోన్ చేస్తే ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కథల గురించి ఒక్క ప్రశ్న వేయలేదు, పేజీలెన్ని అని మాత్రం అడిగాడు. ప్యాకేజీ 24,999 రూపాయలు, అడ్వాన్సు 5,000. అడ్వాన్సు కట్టాను. తర్వాత ఇంగ్లిషులో తొమ్మిది పేజీల అగ్రిమెంటు పంపారు. మా కోడలు చదివి చెప్పింది. పుస్తకాన్ని గుర్తుపట్టడానికిచ్చే ఐ.ఎస్.బి.ఎన్. నంబరుకు 2,500 విడిగా కట్టాలి. ప్రపంచవ్యాప్త పంపిణీ అంటే రెండు ఆన్‌లైన్ దుకాణాల్లో పేరు పెట్టడం. నాకిచ్చే కాపీలు ఇరవై, ఆపైన కావాలంటే నా పుస్తకాన్ని నేనే కొనుక్కోవాలి. అయిదేళ్లు ఆ కథల్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు.

ఐ.ఎస్.బి.ఎన్. మన దేశంలో ఉచితమండీ. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఇస్తారు. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకూ ఇస్తారు, పైసా తీసుకోరు. ఈ సంగతి తెలిశాక అడ్వాన్సు వెనక్కి అడిగాను. ఆ మర్యాద కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్ల పేరు రాయను, రాస్తే మీరు అచ్చు వేయలేరు. పైగా అలాంటి వాళ్లు ఒక్కరు కాదు.

ఇక మనుషుల్నే కలుద్దామని 2025 జనవరిలో రాయగడ–గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్లాను. ఎంత జనం! పిల్లలు తల్లుల్ని లాక్కెళ్లి పుస్తకాలు కొనిపిస్తున్నారు. తెలుగువాళ్లు చదవరనేవాళ్లను ఒక సాయంత్రం అక్కడ నిలబెట్టాలి. నేను నా కథల స్క్రిప్టు సంచీలో పెట్టుకుని స్టాలు స్టాలుకీ తిరిగాను. బిల్లులు రాస్తున్నవాళ్లతో కథల గురించి మాట్లాడబోవడం, పెళ్లిలో వడ్డిస్తున్నవాణ్ణి ఆపి జాతకం అడగడం లాంటిది. తప్పు నాదే. రెండు చోట్ల మాత్రం టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్న పాతికేళ్ల అమ్మాయి, ‘మీలాంటి స్క్రిప్టులు నెలకు నలభై వస్తాయండీ. నేనూ మా ఆయనా తప్ప ఎవరూ లేరు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు చదువుతున్నాం’ అంది. దుకాణాల వాళ్లు కమీషనే నలభై శాతం పట్టుకుంటారని, మిగిలిన డబ్బు కోసం ఏడాది తిరగాలని కూడా చెప్పింది. అప్పటిదాకా ప్రచురణకర్తలంటే గద్దెల మీద కూర్చునేవాళ్లనుకున్నాను. తిరుగు రైల్లో ఆ అమ్మాయి కళ్ల కింద నలుపే గుర్తొచ్చింది. రైలెక్కే ముందు విజయవాడ లెనిన్ సెంటర్లో కొనుక్కున్న పాత పుస్తకాలు నాలుగుతో ఇంటికొచ్చాను.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2021లో నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా యువ రచయితల పథకం పెట్టి 75 మందిని తీసుకుంది, నెలకు 50,000 చొప్పున ఆరు నెలలు ఇచ్చింది. వయసు 30 లోపు ఉండాలి. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి 35 దాటకూడదు. సంతోషమే, కుర్రాళ్లకు రావలసిందే. కానీ కొత్త రచయిత అంటే కుర్ర రచయితేనా? పొద్దున్న బడిపంతులు, సాయంత్రం పిల్లల తండ్రి, రిటైరయ్యాక గానీ కలం ముట్టలేనివాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది! ఆడవాళ్ల సంగతి ఇక అడగనే వద్దు, మనవలు బడికెళ్లాకే వాళ్లకు కాగితం దొరుకుతుంది. టీటీడీ వారు ఆధ్యాత్మిక గ్రంథాల అచ్చుకు సాయం చేస్తారు. నా కథల్లో దేవుడున్నాడు గానీ, ఆ సాయం దొరికేంత లేడు.

మునుపు ‘చతుర’ ఉండేది. 1978 నుంచి నెలకో నవల. పేరు లేనివాడి నవల కూడా అందులో వస్తే నెల తిరిగేసరికి రాష్ట్రమంతా చదివేది. ‘విపుల’ కథలకుండేది. 2021లో రెండూ ఆగిపోయాయి. కొత్తవాళ్లకు అవి మెట్లు. ఆ మెట్లు తీసేశాక నేరుగా మేడ ఎక్కమంటే ఎలా?

చివరికి నా పుస్తకం నేనే వేసుకున్నాను. అదీ ఒక యాతనే. మనవరాలు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసిపెట్టింది. ప్రెస్సువాళ్లకు అను ఫాంట్లు, అంటే వాళ్ల పాత పద్ధతి అక్షరాలు కావాలి. మార్చేసరికి ఒత్తులన్నీ ఎగిరిపోయాయి, ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయింది. ప్రూఫులు మూడుసార్లు దిద్దాను. మామూలు పుస్తకాల డెమీ సైజు, 168 పేజీలు, 300 కాపీలు, మొత్తం 38,400 రూపాయలు. మా ఆవిడ గాజుల కోసం దాచిన డబ్బు కూడా అందులో ఉంది. ఆవిడేమీ అనలేదు. పుస్తకం చేతిలో పెట్టాక, ‘అక్షరాలు కాస్త పెద్దవి వేయించవలసింది’ అంది.

రెండు కాపీలు తీసుకుని శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లాను. తెలుగు కథల కోసమే 1997లో కట్టిన గ్రంథాలయం అది. అక్కడాయన నా పేరు అడిగి వెతికితే, పాత పత్రికల్లో అచ్చయిన నా కథలు రెండు దొరికాయి. ఒకటి 1991 నాటిది, నా దగ్గర కూడా ప్రతి లేదు. నా మొహం ఎలా మారిందో గానీ ఆయన కుర్చీ చూపించారు. ముప్పై అయిదేళ్లుగా నా కథ అక్కడ నా కోసం కూర్చుంది.

మిగతా కాపీలు పోస్టులో పంపుతున్నాను. పుస్తకాలు చవకగా పంపే మా బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో ఎత్తేశారు. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం ఆ బరువు లోపే తూగుతుంది. ఇది తెలియక చాలామంది రచయితలు కొరియర్లకు 60, 80 పోస్తున్నారు. కౌంటర్లో పేరు పెట్టి అడగండి. కుర్ర గుమస్తా తెలీదంటే, ఇంకోసారి చూడు బాబూ అనండి.

అయ్యా, ఇంతకీ నేను అడిగేది పెద్దదేమీ కాదు. నా కథలు వేయమని ఎవర్నీ దేబిరించడం లేదు. ప్రచురణకర్తలు తమ ప్రతి పుస్తకంలో, అడ్రసు వేసే పేజీలోనే, నాలుగు మాటలు అచ్చు వేస్తే చాలు. కొత్తవాళ్ల స్క్రిప్టులు చూస్తారా లేదా, ఏ నెలల్లో చూస్తారు, ఎన్నాళ్లలో చెబుతారు, డబ్బు ఎవరు పెట్టాలి. ‘ఈ ఏడాది చూడం’ అని వేసినా మంచిదే. 214 పేజీల జిరాక్సు, రిజిస్టరు ఖర్చు మిగులుతాయి. చూస్తామన్నవాళ్లు చూశాక వద్దనుకుంటే, ఆ వద్దు అన్న ఒక్క ముక్క ఫోన్లో మెసేజీగా పంపండి. కారణాలు అక్కర్లేదు. రాత్రిళ్లు చదివే ఆ అమ్మాయికి కూడా అదేమంత భారం కాదనుకుంటాను. జవాబు రానివాడు ఆరునెలల పాటు ఇంకొకరికి పంపడానికి మొహమాటపడతాడు, అక్కడ చూస్తున్నారేమో అని. నేను పడ్డాను.

మీ పత్రికకూ ఒక మనవి. ఆదివారం పేజీలో ‘అందిన పుస్తకాలు’ వేస్తున్నారు. దాని పక్కనే నెలకోసారి, స్క్రిప్టులు ఎవరు అడుగుతున్నారో, గడువెప్పుడో ఒక చిన్న పెట్టెలో వేయండి. టెండర్ నోటీసులకు ఇచ్చే చోటులో పదోవంతు పట్టదు.

ఈ ఉత్తరం కాస్త పెద్దదే అయింది, కత్తిరించుకోండి. ఆ లెక్కల మాస్టారి సంగతి మాత్రం ఉంచితే బాగుంటుంది, ఆయన పోయి పదకొండేళ్లయింది. అసలు వేసుకోలేకపోతే తిప్పి పంపడానికి నా అడ్రసు రాసిన కవరు జతచేశాను. స్టాంపులు తూచే అంటించాను.

భవదీయుడు,
రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా