గాలి మారలేదు, గీతలు మారాయి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా 2024 ఎన్నికల మీద మీరు వేసిన ప్రత్యేక పేజీలో మా నార్త్ కరోలినాకు దక్కింది రెండే వాక్యాలు. ఇక్కడి 14 కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) స్థానాల్లో రిపబ్లికన్లు 10 గెలిచారని ఒకటి. 2022లో చెరో ఏడు పంచుకున్న రాష్ట్రంలో ఈసారి గాలి వాళ్ల వైపు వీచిందని రెండోది. మొదటి మాట నిజమే. నా పేచీ అంతా రెండో మాటతోనే.

గాలే వీస్తే బ్యాలెట్ మొత్తం మీద వీయాలి కదండీ. నవంబర్ 5న అదే కాగితం మీద ట్రంప్‌కు సుమారు 51 శాతం వేసిన జనమే గవర్నర్ పదవికి డెమోక్రాట్ జాష్ స్టైన్‌ను సుమారు 55 శాతంతో గెలిపించారు. లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ పదవులు కూడా డెమోక్రాట్లకే ఇచ్చారు. అటార్నీ జనరల్‌గా గెలిచిన జెఫ్ జాక్సన్ సంగతే చూడండి. ఆయన షార్లెట్ వైపు నుంచి 2022లో గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు. నియోజకవర్గాల హద్దులు మార్చిన కొత్త మ్యాప్‌లో తన సీటులో గెలిచే దారి లేదని తేలిపోయాక కాంగ్రెస్ వదిలేసి రాష్ట్రమంతటా పోటీ చేశారు, గెలిచారు. రాష్ట్రం మొత్తం కావాలనుకున్న మనిషి తన సొంత నియోజకవర్గంలో నిలబడలేకపోయాడన్నమాట. ఆయన ఖాళీ చేసిన 14వ నియోజకవర్గంలో గెలిచింది టిమ్ మోర్. ఆ మ్యాప్‌ను ఆమోదించిన రాష్ట్ర ప్రతినిధుల సభకు అప్పట్లో స్పీకర్ ఆయనే. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నాకు మింగుడు పడనిది సరిగ్గా అదే.

అసలు కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2020 జనగణనతో మాకు 14వ సీటు వచ్చింది. ఒక్కో సీటుకు దాదాపు 7 లక్షల 45 వేల జనం. 2022లో మేం ఓటు వేసిన మ్యాప్ రాష్ట్ర కోర్టు నియమించిన నిపుణులు గీసింది, అందుకే లెక్క ఏడు-ఏడుగా తేలింది. ఆ నవంబర్‌లోనే రాష్ట్ర సుప్రీంకోర్టులో రెండు జడ్జి సీట్లు రిపబ్లికన్లకు వెళ్లి, వాళ్ల బలం 5-2 అయింది. మా దగ్గర జడ్జీలను కూడా జనమే ఎన్నుకుంటారు, అదీ పార్టీ పేరుతో. కొత్త బెంచి 2023 ఏప్రిల్‌లో, పార్టీ లాభం చూసుకుని గీతలు గీయకూడదన్న పాత తీర్పును తిరగదోడి, అది మాకు సంబంధం లేని విషయం అంది. అమెరికా సుప్రీంకోర్టు 2019లోనే ఆ మాట అనేసింది, ఆ కేసులోనూ ఒక మ్యాప్ మా రాష్ట్రానిదే. ఇంకేముంది, అక్టోబర్‌లో శాసనసభ కొత్త మ్యాప్ తెచ్చేసింది. అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ డెమోక్రాటే గానీ, ఇక్కడ నియోజకవర్గాల మ్యాప్‌ను వీటో చేసే అధికారం గవర్నర్‌కు లేదు. మన దేశంలో పునర్విభజన అంటే సుప్రీంకోర్టు మాజీ జడ్జి నడిపిన కమిషన్ మన పాఠకులకు గుర్తొస్తుంది కాబట్టి, ఇక్కడ పోటీ చేసేవాళ్ల పార్టీలే కూర్చుని గీస్తాయంటే చాలామంది నమ్మరు.

ఒక్క పార్టీనే తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. డెమోక్రాట్లు ఏలినప్పుడు 1992లో హైవే పొడవునా సాగదీసి గీసిన మా 12వ నియోజకవర్గం మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. ఇవాళ ఇల్లినాయ్ మ్యాప్ చూడండి, 17లో 14 వాళ్లవే. ఎవరి చేతిలో పెన్సిల్ ఉంటే వాళ్లు గీసుకుంటున్నారు.

మాది ఫ్యూక్వే-వరీనా, రాలీకి దక్షిణాన ఉన్న ఊరు. 2022లో మాది 13వ నియోజకవర్గం, ఇప్పుడూ అదే నంబరు. నంబరు తప్ప మిగతాదంతా మారింది. అప్పట్లో డెమోక్రాట్ వైలీ నికెల్, రిపబ్లికన్ బో హైన్స్ మధ్య పోటీ మూడు శాతం తేడాతో నికెల్ వైపు తేలింది. సెప్టెంబర్ నుంచీ మా వీధిలో రెండు పార్టీల వలంటీర్లూ తలుపు తట్టని వారం లేదు. మా అత్తగారు ఇంగ్లిష్ అంతంత మాత్రమే అయినా వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మందుల ధరలు ఎందుకింత అని నిలదీసేవారు. ఇప్పటి 13వ నియోజకవర్గం రాలీ నగరాన్ని మధ్యలో వదిలేసి వేక్ కౌంటీ అంచులను ఏరుకుని, జాన్‌స్టన్, హార్నెట్, లీ కౌంటీలను కలుపుకుని చుట్టూ తిరిగొస్తుంది. నికెల్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఈసారి అధ్యక్షుడి కోసం వచ్చారు, గవర్నర్ కోసం వచ్చారు, కాంగ్రెస్ అభ్యర్థి కోసం మా తలుపు తట్టినవాళ్లు లేరు. ఎందుకు తడతారు? ఫలితం అందరికీ ముందే తెలుసు.

గ్రీన్స్‌బరో వైపు 6వ నియోజకవర్గంలో జరిగింది ఇంకా విడ్డూరం. గిల్ఫర్డ్ కౌంటీని మూడు ముక్కలు చేశారు. అక్కడి సభ్యురాలు క్యాథీ మ్యానింగ్ పోటీ చేయనన్నారు, డెమోక్రాట్లు అసలు అభ్యర్థినే పెట్టలేదు. మార్చి 5న రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆరుగురు నిలబడితే ట్రంప్ మద్దతున్న అడిసన్ మెక్‌డవెల్‌కు 26 శాతం వచ్చింది. రెండో స్థానంలో ఉన్న మాజీ సభ్యుడు మార్క్ వాకర్ రనాఫ్‌కు (మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత పోటీకి) వెళ్లకుండా తప్పుకున్నారు. అంతే, ఏడు లక్షల పైచిలుకు జనానికి ప్రతినిధి ఖాయమైపోయాడు. నవంబర్‌లో మిగిలింది చిన్న పార్టీ అభ్యర్థితో లాంఛనం.

మ్యానింగ్, నికెల్, జాక్సన్: ముగ్గురు డెమోక్రాట్ల సీట్లు మ్యాప్‌తోనే చేతులు మారాయి. 2024 ఎన్నికల్లో వాషింగ్టన్ ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 220, డెమోక్రాట్లకు 215 వచ్చాయి. మెజారిటీకి 218 కావాలి. ఆ మూడు సీట్లు అటు నుంచి ఇటు వేసి చూడండి. మీ పేజీలో ఈ కూడిక ఎవరైనా చేసి ఉంటే, మాకు రెండు వాక్యాలతో సరిపెట్టేవారు కాదనుకుంటాను.

నేను మా ఊరి పోలింగ్ కేంద్రంలో పని చేస్తుంటాను. పొద్దున 6:30కి తలుపులు తెరిచి రాత్రి 7:30కి మూస్తాం. ఎవరు ఎవరికి వేశారో నాకు తెలియదు, తెలిసినా చెప్పను. మార్చి ప్రైమరీలో మాత్రం చెక్-ఇన్ టేబుల్ దగ్గర మేం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు వస్తే, "మీకు ఏ పార్టీ బ్యాలెట్ కావాలి?" అని అడగాలి. ఇక్కడ వాళ్లను అనఫిలియేటెడ్ అంటారు. రాష్ట్రంలో ఇప్పుడు డెమోక్రాట్ల కన్నా, రిపబ్లికన్ల కన్నా వీళ్ల సంఖ్యే ఎక్కువ. నాకు తెలిసిన తెలుగువాళ్లలో చాలామంది ఇదే. సిటిజన్‌షిప్ రాగానే ఓటరుగా నమోదై, పార్టీ గొడవ మనకెందుకులే అని ఆ గడి టిక్ చేస్తారు. తర్వాత ప్రైమరీ మనది కాదనుకుని ఇంట్లో కూర్చుంటారు. నిజానికి వాళ్లకున్న వెసులుబాటు పార్టీ సభ్యులకు కూడా లేదు. రెండింట్లో ఏ బ్యాలెటైనా అడిగి తీసుకోవచ్చు.

మొన్న మార్చిలో ఒక పెద్దాయన మనవరాలిని తీసుకుని వచ్చారు. ఆమె ఓటు వేస్తుంటే తను పక్కన కుర్చీలో కూర్చున్నారు. "మీరు వేయరా బాబాయిగారూ?" అన్నాను. "నాకు పార్టీ లేదమ్మా, నవంబర్‌లో వేస్తాలే" అన్నారు. లిస్టులో ఆయన పేరు ఉంది, జేబులో డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. నియమం చెప్పాను. రెండు నమూనా బ్యాలెట్లూ గోడకు అంటించి ఉంటే కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశారు. మా 13వ నియోజకవర్గానికి రిపబ్లికన్ బ్యాలెట్ మీద 14 పేర్లున్నాయి. డెమోక్రాట్ల వైపు ఒక్కరే కాబట్టి ఆ పదవికి ప్రైమరీలో పోటీయే లేదు. "అయితే అసలు ఎన్నిక ఇదేనన్నమాట" అన్నారాయన. ఆ మాట అనడం నా ఉద్యోగానికి కుదరదు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు కెలీ డాట్రీ మొదటి స్థానంలో నిలిచినా, రనాఫ్ తప్పించే 30 శాతం దాటలేదు. ట్రంప్ రెండో స్థానంలోని బ్రాడ్ నాట్‌కు మద్దతు ప్రకటించారు, డాట్రీ ప్రచారం ఆపేశారు, మే 14 రనాఫ్‌లో నాట్ గెలిచారు. నవంబర్‌కు ఆరు నెలల ముందే మా సభ్యుడెవరో తేలిపోయింది.

కాంగ్రెస్ సభ్యుడు ఎవరైతే మాకేంటి అనేవాళ్లకు ఒక సంగతి. మా వీధిలో ఒకావిడ ఇమ్మిగ్రేషన్ ఫైలు ఒక ఆఫీసులో ఇరుక్కుని, ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు తప్ప మనిషి పలకలేదు. చివరికి స్థానిక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్లి, నా వివరాలు అడిగే హక్కు మీకు ఇస్తున్నానని ఒక ఫారం మీద సంతకం పెట్టింది. అక్కడి ఉద్యోగి ఆరా తీశాక ఫైలు కదిలింది. ఆమె ఎవరికి ఓటు వేసిందని ఎవరూ అడగలేదు. మనవాళ్లకు ఇంతగా పనికొచ్చే ఆఫీసు ఇంకోటి నాకు తెలియదు.

మరి మన పత్రికల్లో ఏం వస్తోంది? ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు మీద బొమ్మలతో సహా వచ్చింది. సభకు ఎన్నికైన భారత సంతతి వాళ్లు ఆరుగురని వచ్చింది. సంతోషమే, నేనూ చదివాను. ఆ ఆరుగురిలో ఒక్కరూ మా రాష్ట్రం వాళ్లు కాదు. ఇక్కడి తెలుగువాళ్ల తరఫున ఓటు వేసేది ఆ పధ్నాలుగు మందే.

ఇంకో మాట చెప్పాలి. బ్యాలెట్ కాగితానికి రెండో వైపు ఉంటుంది. అధ్యక్షుడి గడి నింపేసి, కాగితం తిప్పకుండానే మెషీన్ వైపు నడిచేవాళ్లకు "వెనక కూడా ఉందండీ" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఈసారి రాష్ట్ర సుప్రీంకోర్టు సీటుకు 55 లక్షల ఓట్లు పోలైతే డెమోక్రాట్ ఆలిసన్ రిగ్స్, రిపబ్లికన్ జెఫర్సన్ గ్రిఫిన్ మధ్య తేడా 734. రీకౌంట్ తర్వాత కూడా అంతే. గ్రిఫిన్ 60 వేలకు పైగా ఓట్లను సవాలు చేశారు. మ్యాప్ చెల్లుతుందో లేదో చెప్పేది ఆ కోర్టే కాబట్టి, ఆ సీటు ఏ కాంగ్రెస్ సీటుకూ తీసిపోదు.

 తర్వాతి ప్రైమరీకి నామినేషన్లు దానికి ముందటి డిసెంబర్‌లోనే పడతాయి. అప్పుడు మీరు 14 నియోజకవర్గాలకూ ఒక పట్టిక వేయండి: ఎక్కడ ఎవరు నిలబడ్డారు, ఏ పార్టీ ప్రైమరీలో నిజమైన పోటీ ఉంది, ఓటరుగా నమోదుకు ఆఖరి తేదీ ఏది. అనఫిలియేటెడ్ ఓటరు ఏ బ్యాలెటైనా అడగవచ్చన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. నవంబర్‌లో మా గురించి రెండు వాక్యాలే రాసినా నేను ఏమీ అనుకోను.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఫ్యూక్వే-వరీనా, నార్త్ కరోలినా
డిసెంబర్ 2024