చిన్నోడి రిపోర్టు గురించి, సత్యానికి

తణుకు,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సత్యం,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పినవాటిలో సగం బస్సు మోతలోనే పోయాయి. అందుకే షాపు కట్టేసి వచ్చి, అన్నం తిని, అమ్మ పడుకున్నాక ఇలా రాయడానికి కూర్చున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

చిన్నోడి సంగతి విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఒక్క నెలలో మూడుసార్లు అర్ధరాత్రి కాజువాలిటీకి పరిగెత్తడం, ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు చేయించడం, తెల్లారాక "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అనిపించుకుని ఇంటికి రావడం. ఇదంతా చెప్పి చివర్లో నువ్వో మాటన్నావు. "ఏమీ లేదని డాక్టరే చెప్పాక కూడా వీడు ఇలా చేస్తుంటే నాటకమేమో అనిపిస్తోందిరా" అని. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఏమీ లేనిది వాడి గుండెలోరా. వాడికి ఏమీ లేదని ఆ కాగితం చెప్పట్లేదు.

నువ్వు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే అది పానిక్ అటాక్‌లా ఉంది. తేల్చాల్సింది డాక్టరే, నేను మందుల షాపువాణ్ణే. కానీ పదిహేనేళ్ళుగా ఈ చీటీలు చూస్తున్నాను. చిన్నప్పుడు మనం చేను గట్టు మీద నడుస్తుంటే కాలి పక్కన పాము కదిలినప్పుడు ఒళ్ళు ఎలా ఝల్లుమనేదో గుర్తుందా? గుండె దడదడ, చెమట, ఊపిరి అందకపోవడం. పామేమీ లేకుండానే అదంతా ఒంట్లో జరిగిపోతే అదే పానిక్. ఊపిరి గబగబా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కేది, కళ్ళు తిరిగేది అందుకే. పది నిమిషాల్లో మహా ఉధృతానికి వెళ్ళి, అరగంటలో దానంతటదే దిగిపోతుంది. మీరు ఆసుపత్రికి చేరేసరికి ఈసీజీ శుభ్రంగా ఉంటుంది. నీకేమో నాటకంలా కనిపిస్తుంది, వాడేమో అప్పుడే చావు చూసి వచ్చినవాడిలా కూర్చుంటాడు.

మొదటిసారి గుండె చూపించడం చాలా మంచి పని, తప్పకుండా చూపించాల్సిందే. థైరాయిడ్ కూడా ఒకసారి చూడమను, అది ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. అవి బాగున్నాయని తేలాక నాలుగో ఎకో, ఐదో ఎకో చేయించడం వల్ల వాడి భయం తగ్గదు, ఇంకా ముదురుతుంది. లిఫ్ట్ మానేశాడని, మెట్రో ఎక్కట్లేదని అన్నావు కదా. అసలు జబ్బు అక్కడ పెరుగుతోంది. మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోతే చివరికి గది దాటడం కూడా కష్టమవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలంటే అమ్మ సంగతి మొత్తం చెప్పాలి. ఇన్నేళ్ళూ నీతో సగమే చెప్పాను.

2016 వేసవి. నాన్న ఎప్పటిలా ఆవకాయకి కాయల బుట్ట తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టారు. మా అమ్మ సంగతి నీకు తెలుసు, టెంక గట్టిగా లేకపోతే కాయని తిప్పి కొట్టే మనిషి. ఆ రోజు బుట్ట వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజుకి కాయలు మెత్తబడి ఇల్లంతా పండు వాసన. పిన్ని వచ్చి బుట్ట బయట పారబోస్తుంటే కూడా అమ్మ లేవలేదు. ఇంట్లో ఏ కష్టమూ లేదు. నాన్న బాగున్నారు, చెల్లి పెళ్ళయింది, పొలం పండింది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "నీకేం తక్కువమ్మా?" అని. ఆ ప్రశ్నకి జవాబు లేక అమ్మ ఇంకా ముడుచుకుపోయేది.

దిగులుగా ఉందని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు, అది చూడు. ఒళ్ళంతా మంటలు, గుండెల్లో బండరాయి పెట్టినట్టుంది, గ్యాసు, నడుం నొప్పి అనేది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, పొద్దున పూట మరీ ఘోరంగా ఉండి సాయంత్రానికి కాస్త తేరుకునేది. ఏడు కిలోలు తగ్గింది. మేమేమో ఒంటి బాధ వెంట పడ్డాం. ఎండోస్కోపీ, నడుముకి ఎక్స్‌రే, నరాల బలహీనతని బి12 ఇంజెక్షన్లు, అమ్మమ్మ పోరితే తాయెత్తు. అన్నిటికీ రిపోర్టు ఒకటే, ఏమీ లేదు. ఈ మధ్యలో నిద్ర పట్టట్లేదని నా షాపులోంచే, చీటీ లేకుండా, రోజూ రాత్రి సగం నిద్రబిళ్ళ ఇచ్చాను. నెల తిరిగేసరికి సగం ఒకటైంది, ఆ తర్వాత అది లేకపోతే చేతులు వణికేవి. ఈ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే చెబుతున్నా, కాజువాలిటీలో చిన్నోడికి ఇచ్చారన్న అల్ప్రాజోలామ్ కూడా అలాంటి అలవాటుపడే బిళ్ళే, దాన్ని రోజువారీ మందు కానివ్వకు. డాక్టరు కొద్దిరోజులకి రాస్తే కొద్దిరోజులే. నెలల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

ఆఖరికి ఒక పెద్ద వయసు ఫిజీషియన్ ఆ ఫైలంతా పక్కనపెట్టి అమ్మని ఒకటే అడిగారు. "అమ్మా, బతకాలని అనిపిస్తోందా?" అని. అమ్మ ఆయన బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. అన్ని నెలల్లో ఇంట్లో ఒక్కరం ఆ మాట అడగలేదురా. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని భయం. అది తప్పు. అడిగితే ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. ఆ సాయంత్రమే నాన్న కొట్లోని పురుగుమందు డబ్బాలు తీసుకెళ్ళి వేరేచోట తాళం వేశారు. చిన్నోణ్ణి నువ్వు కూడా అడుగు. పక్కన కూర్చుని, తిట్టినట్టు కాకుండా మామూలుగా అడుగు. ఔనంటే ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకు, మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

సైకియాట్రిస్ట్ అది డిప్రెషన్ అని చెప్పి, అమ్మకి ఎస్‌సిటలోప్రామ్ అనే దిగులు తగ్గే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తర్వాత 10 చేశారు. మొదటివారం వికారం, తలనొప్పి, ఉన్న ఆందోళన ఇంకాస్త ఎక్కువైనట్టు ఉంది. "ఇది పడట్లేదు, ఆపేద్దాం" అన్నాం అందరం. ఆయన ముందే చెప్పబట్టి ఆగాం. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. నా షాపులో రోజూ చూస్తుంటాను, పదో రోజున "పనిచేయట్లేదండి" అని మానేసేవాళ్ళు కొందరు, రెండో నెలలో "బాగుంది కదా" అని మానేసేవాళ్ళు ఇంకొందరు. ఇద్దరూ మళ్ళీ మొదటికే వస్తారు. ఈ మందు నిద్రబిళ్ళలా అలవాటుపడేది కాదు, కానీ ఒక్కసారిగా మానేస్తే కళ్ళు తిరగడం, చిరాకు ఉంటాయి కాబట్టి ఆపేటప్పుడు కూడా మెల్లగానే. తేరుకున్నాక కనీసం ఆరు నెలలు వాడమంటారు, అమ్మకి తొమ్మిది నెలలు వాడించారు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చారు నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పెవరేశారే?" అంది అమ్మ. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతవరకూ పెట్టింది తినేదే తప్ప ఉప్పూ కారం తెలిసేవి కాదు. ఆ తిట్టు విని నాన్న పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

చిన్నోడికి మందు రాయాల్సి వస్తే బహుశా ఈ కోవదే రాస్తారు. పానిక్‌కీ ఇవే పనిచేస్తాయి. వాడికింకా ఇరవై నాలుగే కదా, పాతికేళ్ళలోపు వాళ్ళకి మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం కొంత ఉంది. అందుకని ఆ వారాలు నీ దగ్గరే పడుకోబెట్టుకో. మందుతోపాటు, ఒక్కోసారి మందు లేకుండానే, సీబీటీ అనే మాటల వైద్యం కూడా ఉంది. మానేసినవన్నీ కొద్దికొద్దిగా మళ్ళీ చేయిస్తారు. ముందు లిఫ్ట్‌లో ఒక అంతస్తు, తర్వాత రెండు, తర్వాత మెట్రోలో ఒక స్టేషను. దడ వచ్చినా దిగిపోకుండా నిలబడితే అదే తగ్గిపోతుందని ఒంటికి తెలిసిరావాలి. మంచి క్లినికల్ సైకాలజిస్ట్ దొరికితే వదలొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ పెద్ద బాబాయిది. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా చెప్పు. మనం తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన నెలరోజులపాటు రాత్రికి రెండు గంటలు కూడా పడుకోకుండా, ఒకేసారి మూడు చేపల చెరువులు తవ్విస్తానని ఊళ్ళో అందరికీ అడ్వాన్సులిచ్చాడు గుర్తుందా? ఎంత హుషారో అనుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. గాలి సోకిందన్నారు. నాకిప్పుడు అది బైపోలార్‌లా, అంటే అతి హుషారూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బులా అనిపిస్తోంది. ఆ జబ్బున్నవాళ్ళకి దిగులు తగ్గే మందు ఒక్కటే ఇస్తే ఆ హుషారు వైపు ఎగదోసే ప్రమాదం ఉంది. వాళ్ళకి లిథియంలాంటి మందులు వేరే ఉంటాయి, వాటికి రక్తంలో మోతాదు, థైరాయిడ్, కిడ్నీ చూసుకుంటూ ఉండాలి. చిన్నోడికి అదే ఉందని కాదు. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నాడని డాక్టరుకి తెలియాలి, అంతే.

ఇవన్నీ మన మధ్యే ఉన్నాయిరా, వేరే పేర్లతో. మా వీధిలో ఒకావిడ వారం వారం చేతుల పగుళ్ళకి ఆయింట్‌మెంట్ కొనేది. ఒకరోజు డబ్బులు అందిస్తుంటే చూశాను, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి రక్తం కనబడుతోంది. మడి ఎక్కువ, చాదస్తం అని ఇంట్లో నవ్వుకుంటున్నారు. రోజుకి నలభైసార్లు కడుగుతోందని, మానాలని ఉన్నా మానలేక ఏడుస్తోందని ఆవిడ కూతురు తర్వాత చెప్పింది. అది ఓసీడీ. దానికి కూడా వైద్యం ఉంది, మందు మోతాదు ఎక్కువ కావాలి, పది పన్నెండు వారాలు ఆగాలి. ఆవిడ ఇప్పుడు చాలావరకు తేరుకుంది.

2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందట్లేదు. మన ఆంధ్రా, తెలంగాణ ఆ పన్నెండులో లేవు గానీ ఇక్కడ వేరేగా ఉంటుందని నేననుకోను. "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ణి" అని మనం బళ్ళో ఎన్నిసార్లు అనుకోలేదు? అది మన ప్రభుత్వ మానసిక వైద్యశాల, వేలమందిని నిలబెట్టిన చోటు. ఆ పేరునే తిట్టుగా మార్చి, అక్కడికి వెళ్ళాల్సినవాణ్ణి గడప దాటకుండా చేశాం.

ఆఫీసులో తెలుస్తుందని వాడి భయమన్నావు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆరోగ్య బీమా కూడా మిగతా జబ్బులతో సమానంగా ఇవ్వాలని అందులోనే ఉంది. అర్ధరాత్రి దడ వచ్చి ఏం చేయాలో తోచకపోతే 14416కి చెయ్యండి, టెలిమానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్రం పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. ఈలోగా ఆ శక్తి డ్రింకులు, రాత్రి పది తర్వాత కాఫీలు మానిపించు.

ఇంకొక్క మాట. వాడికి మళ్ళీ వచ్చినప్పుడు "ఏమీ లేదు, ధైర్యంగా ఉండు" అనకు. "ఇది వచ్చింది, అరగంటలో దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నాను" అను. పక్కన కూర్చుని నువ్వు మెల్లగా ఊపిరి వదులుతుంటే వాడు నిన్ను చూసి వదులుతాడు.

మంగళవారం సైకియాట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. సోమవారం రాత్రి బస్సెక్కి నేనూ వస్తున్నాను, ముగ్గురం కలిసి వెళ్దాం. నువ్వు వద్దన్నా వస్తాను. అమ్మ ఈసారి కాయలు తనే ఏరి, కొట్టించే చోట పక్కన నిలబడి ఒక్కో ముక్కా చూసుకుని మరీ కొట్టించింది. మీ ఇంటికి జాడీ కట్టింది. చిన్నోడికి కడుపులో మంటగా ఉందన్నావని చెబితే, వాడికోసం కారం తగ్గించి ఇంకో చిన్న సీసా వేరుగా కలిపి, మూతకి గుడ్డ కట్టి నా సంచిలో పెట్టేసింది. చెల్లెమ్మకి చెప్పు, ఆ రోజుకి వేడన్నం, ముద్దపప్పు చాలు.

నీ
రాంబాబు