ఫిర్యాదు: ‘రీఫ్ సేఫ్’ అంటూ మీరు అమ్మిన రాస్ చేప గురించి

మేనేజర్ గారికి,
సముద్రపు చేపల విభాగం, హైదరాబాద్.

అయ్యా,

మా ఇంట్లో నాలుగడుగుల సాల్ట్ వాటర్ ట్యాంకు బిగించింది మీ వాళ్ళే. అదే బిల్లు మీద, తెల్లటి ఒంటిపై రెండు నారింజ మచ్చలున్న చేపపిల్లను కూడా ఇచ్చారు. బిల్లులో రాసింది ‘రాస్, చిన్నది, రీఫ్ సేఫ్’ అని మాత్రమే. రాస్ అన్నది ఒక చేపల కుటుంబం పేరు, రీఫ్ సేఫ్ అంటే పగడాలకూ వాటితో ఉండే ప్రాణులకూ హాని చేయదని. ఎంత పెరుగుతుందని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు “గింతనే ఉంటది సార్, పరేషాన్ కాకుండ్రి” అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టడం లేదు. మీ షాపులో అద్దం మీద అంటించిన చీటీలోనూ అంతకుమించి ఏమీ లేదు మరి.

అది కోరిస్ ఐగులా, అంటే క్లౌన్ కోరిస్. 120 సెంటీమీటర్ల దాకా పెరిగే జాతి. మీరు అమ్మిన ట్యాంకు పొడవు 122 సెంటీమీటర్లు. ఇళ్ళలో అంత పెరగదని మీరు అనవచ్చు. సగమే పెరిగిందనుకుందాం, రెండడుగుల వెడల్పులో అది వెనక్కి తిరిగేదెలా? ఆ మచ్చలు కూడా పిల్లప్పటివే. పెద్దయ్యాక మగదైతే ముదురు ఆకుపచ్చకు తిరిగి, నుదురు ఉబ్బుతుంది. కోడెదూడను చూపించి కుక్కపిల్ల అని అంటగట్టినట్టుంది మీ వ్యాపారం.

ఇక ‘రీఫ్ సేఫ్’ సంగతి. ట్యాంకును శుభ్రంగా ఉంచుతాయని నత్తలు, హెర్మిట్ పీతలు కూడా మీరే ఇచ్చారు. ఈ జాతి బతికేదే గుల్ల ఉన్న ప్రాణులను తిని. ఇప్పుడు మా ట్యాంకులో ఖాళీ గుల్లలు మిగిలాయి. చేపనూ దాని మేతనూ ఒకే బిల్లులో అమ్మి, రెండింటినీ కలిపి పెంచుకోమన్నారన్నమాట! తిండి వెతుక్కుంటూ రాళ్ళు తిరగేయడం దానికి సహజం కాబట్టి, మీ దగ్గరే కొన్న పగడాల ముక్కలు కూడా తలకిందులై పడుంటున్నాయి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇసుక. కోరిస్ చేపలు రాత్రిపూట ఇసుకలో దూరి పడుకుంటాయి, బెదిరినా తలముందుగా అందులోకే దూకుతాయి. అందుకు మెత్తటి ఇసుక లోతుగా ఉండాలి. మీవాళ్ళు పోసింది గరుకు పగడపు రవ్వ, అదీ పైపైన. చేప మూతి చెక్కుకుపోయిందని ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్ ఇచ్చిన సలహా, ఉన్నది కూడా తీసేసి అడుగు ఖాళీగా ఉంచమని, కడగడం తేలికట. కడిగేవాడికి తేలికే, కాదనను. మెత్తటి ఇసుక చివరికి నేనే తెప్పించి పోశాను. ఎగిరి బయటపడే చేప అని కూడా మీరు చెప్పలేదు కాబట్టి పైన వల మూత కూడా నేనే చేయించుకున్నాను.

బాపట్ల దాకా పోతే గాని సముద్రం కనబడని ఊరు మనది. ప్రతి చుక్కా ఆర్‌ఓ పట్టి, ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలిపి పోయాల్సిందే. చేప పెరిగేకొద్దీ దాని వ్యర్థాల వల్ల నీళ్ళలో చేరే నైట్రేట్ పెరుగుతోంది, నీళ్ళు మార్చే పనీ ఉప్పు ఖర్చూ పెరుగుతున్నాయి.

ఇదంతా రాస్తే మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు, ఆరడుగుల ట్యాంకుకు డిస్కౌంటుతో కొటేషన్! రెండున్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు అంటే వెయ్యి లీటర్ల పైమాటే, నీళ్ళ బరువే టన్ను దాటుతుంది. మేముండేది అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. వైజాగ్ వెళ్ళినప్పుడు సముద్రంలో వదిలేయమని మరో ఉద్యోగి చెప్పాడు. ట్యాంకులో పెరిగిన చేప ఏ రోగం మోసుకెళ్తుందో తెలియకుండా సముద్రంలో వదలకూడదని చేపలమ్మే కంపెనీకి నేను చెప్పాలా?

చేపను మీరు వెనక్కి తీసుకోవాలి. మళ్ళీ షాపు తొట్టిలో పెట్టడానికి మాత్రం ఇవ్వను. దానికి సరిపడే ట్యాంకు ఉన్నవాళ్ళకు చేరుస్తామని, ఎక్కడికి చేరుస్తారో కూడా రాసివ్వండి. చేప, నత్తలు, పీతలు, ఇసుక డబ్బులు తిరిగి చెల్లించండి. ఇకమీదట ప్రతి చేప దగ్గరా శాస్త్రీయ నామం, పూర్తిగా పెరిగాక ఉండే పొడవు రాయండి. ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అని అచ్చేసినంత మాత్రాన బాధ్యత తీరదు.

మీ వాళ్ళు వస్తే పగలే రావాలి. లైట్లు ఆరాక అది ఇసుకలో ఉంటుంది, తవ్వితే గాయపడుతుంది. మూత ఉన్న పెద్ద డబ్బా, బ్యాటరీ ఎయిర్ పంపు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తిరుమలగిరి, సికింద్రాబాద్.

జతపరచినవి: బిల్లు నకలు, చేప ఫొటోలు, మీరు పంపిన కొటేషన్.