అమ్మ కొలనోస్కోపీకి అండగా నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

అమ్మకు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష, అయిపోయింది. లోపల రెండు చిన్న పాలిప్‌లు (పేగు గోడ మీద పెరిగే కండ బుడిపెలు) కనిపిస్తే అప్పుడే తీసేసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. పేగు బాగా శుభ్రపడింది కాబట్టే అంత చిన్నవి కూడా కంటపడ్డాయని డాక్టరు గారు చెప్పారు. అందుకే ముందు రాత్రి మాకు సాయపడిన వాళ్లందరికీ ఇక్కడ దండం పెడుతున్నాను.

మొదట మందుల షాపు అన్నకు. అమ్మకు షుగరుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా రక్తంలో కాస్త ఎక్కువ. చీటీ చూసి ఆయన పేగు శుభ్రం చేసే పౌడర్ ఇచ్చి ఊరుకోలేదు. ఇది పాలిథిలిన్ గ్లైకాల్ అని, రక్తంలోకి దాదాపు చేరదని, నీళ్లను పేగులోనే ఉంచి కడిగేస్తుందని, లవణాలు తగ్గకుండా అవీ ఇందులోనే కలిపి ఉంటాయని ఓపికగా చెప్పాడు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇదే పనికి వాడే సోడియం ఫాస్ఫేట్ మందు మంచిది కాదట. షుగర్ మాత్రల సంగతి డాక్టరును అడిగి తీరాలని రెండుసార్లు గుర్తుచేశాడు. అడిగాం, ఆ పొద్దుటి మాత్ర ఆపమన్నారు.

పైపోర్షన్ అత్తయ్యగారు ముందురోజు గోంగూర, జామపండు, గింజలున్నవేవీ దగ్గరికి రానివ్వకుండా మెత్తటి అన్నం వండి పంపారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువని డాక్టరు వద్దంటే, పాలు లేని టీ, వడకట్టిన నిమ్మనీళ్లు పట్టుకొచ్చారు. ఎరుపు రంగువేవీ తాగకూడదు, అది లోపల రక్తంలా కనిపిస్తుందని ఆవిడకు ముందే తెలుసు.

అందరికంటే ఎక్కువ రుణపడింది ఎండోస్కోపీ వార్డు సిస్టర్ గారికి. ఆ పౌడర్ కలిపిన రెండు లీటర్ల నీళ్లలో సగం సాయంత్రం తాగాలి, మిగతాది తెల్లవారుజామున. మూడు గ్లాసులయ్యేసరికి అమ్మ వాంతి చేసుకుని "ఇక నావల్ల కాదు, టెస్టూ వద్దు ఏమీ వద్దు" అని ఏడ్చేసింది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఫోన్ చేస్తే ఆవిడ విసుక్కోలేదు. అరగంట ఆపమన్నారు. తర్వాత చల్లగా చేసి, స్ట్రాతో, గ్లాసుకూ గ్లాసుకూ ఎక్కువ వ్యవధి ఇచ్చి పట్టమన్నారు. కడుపు బాగా ఉబ్బినా, విపరీతంగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేసి వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ తర్వాత ఫోన్ అమ్మకిమ్మని, "అమ్మా, కష్టమైన సగం అయిపోయింది, నేనున్నాను" అన్నారు. ఆ మాటతో అమ్మ మళ్లీ గ్లాసు అందుకుంది. తెల్లారేసరికి విరేచనం పసుపురంగు నీళ్లలా వస్తోందని చెబితే, "ఇక తీసుకురండి" అన్నారు.

నేను పక్కనే ఉన్నా అమ్మకు ధైర్యం రాలేదు, మీ గొంతుతో వచ్చింది సిస్టర్ గారూ. మిమ్మల్ని చూడాలని అమ్మ ఒకటే అడుగుతోంది. వచ్చే చెకప్‌కు వచ్చినప్పుడు మొదట మీ వార్డుకే వస్తాం.