ముందు ఆ అద్దం బల్ల బయటికి తీయించు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "క్లాసులో ఒక్కరూ తలెత్తరమ్మా, నోట్సు చెప్పండి మేడమ్ అంటారు" అన్నావు. సైకాలజీ చెప్పడం మొదలుపెట్టిన ఏడాది నేనూ డిక్టేషనే ఇచ్చాను. అవధానం అంటే ధ్యాస నిలపడం, ప్రత్యక్షం అంటే ఇంద్రియాలతో గ్రహించడం, ప్రేరణ అంటే పనికి పురికొల్పేది అంటూ వరసగా నిర్వచనాలు రాయించాను. మార్కులు బాగానే వచ్చాయి. ఏడాది చివర్లో ఒక పిల్ల వచ్చి, "చదివిందంతా పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి మరిచిపోతున్నాను మేడమ్, ఎందుకంటారు?" అని అడిగింది. స్మృతి, అంటే జ్ఞాపకశక్తి పాఠం ఆ పిల్లకి మూడు వారాలు చెప్పాను. అది తన గురించేనని తనకి తట్టలేదు. ఆ తప్పు నాదే.

మరుసటి ఏడాది అద్దం బల్లతో మొదలుపెట్టాను. నువ్వూ చేసిన ప్రాక్టికలే. కాగితం మీద నక్షత్రం, చెయ్యి కనబడకుండా అడ్డు, అద్దంలో చూస్తూ గీత వెంట పెన్సిల్ నడపాలి. మూల మలుపు దగ్గర ఎంత తెలివైనవాళ్లయినా ఆగిపోతారు. కిందికి లాగుతున్నామనుకుంటే పెన్సిల్ పైకి పోతుంది. పక్కన జతగాడు స్టాప్‌వాచ్ పట్టుకుని తప్పులు లెక్కపెడతాడు. ఐదారుసార్లు చేసేసరికి టైమ్ తగ్గుతుంది. అప్పుడు ఎడమచేత్తో చేయించు. అసలు సాధన చెయ్యని ఆ చెయ్యి కూడా అంత తడబడదు. "ఇదెలా వచ్చింది మేడమ్?" అని వాళ్లే అడుగుతారు. పాఠం అక్కడ మొదలుపెట్టు.

మన దేశంలో ఈ చదువుకి మొదటి నుంచీ ప్రయోగమే ఆధారం. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తొలి సైకాలజీ శాఖ వచ్చింది. దాన్ని నడిపిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో సైకాలజిస్టు మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదువుకుని వచ్చినవాడు. 1924లో మైసూరులో శాఖ పెట్టిన గోపాలస్వామి లండన్‌లో సైకాలజిస్టు స్పియర్‌మన్ శిష్యుడు. అంతవరకూ తత్వశాస్త్రంలో ఒక పేపర్‌గా ఉన్నదాన్ని వాళ్లు ల్యాబ్‌లోకి తెచ్చారు. దాన్ని మనం మళ్లీ గైడు పుస్తకంలోకి నెట్టేశామంటే నాకు కడుపు మండుతుంది. బి.ఇడి.లో పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే దశలు బట్టీపట్టి, రేపు నిజంగా ఏడేళ్ల పిల్లాడు ఎదురొస్తే వాడెలా ఆలోచిస్తున్నాడో చూడని టీచర్లు తయారవుతున్నారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. తెలివితేటల పరీక్ష స్కోర్లు క్లాసులో పైకి చదవకు. నేను చదువుకున్న రోజుల్లో ఒకసారి చదివారు. తక్కువ వచ్చిన అబ్బాయి మర్నాటి నుంచి వెనక బెంచీకి మారిపోయాడు. డిప్రెషన్ పాఠం చెప్పిన రోజు ఎవరైనా క్లాసు అయ్యాక గుమ్మం దగ్గర తచ్చాడితే, హడావిడిగా స్టాఫ్ రూముకి వెళ్లిపోకు. వినాల్సింది విను. వైద్యం మాత్రం మన పని కాదు, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపించు.

అద్దం బల్ల బీరువాలో మూలన పడి ఉంటుంది, అటెండర్‌ని అడుగు. పిల్లలు గీసిన మొదటి నక్షత్రాలు ఫొటో తీసి పంపు, చూడాలని ఉంది.

అమ్మ