బుడమేరు నీటిలో తడిసిన కిట్ల గురించి మా మాట

మా దుకాణానికి వచ్చే మీ అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు, అక్కడ మేము అద్దెకు తీసుకున్న గోదాములోని విమాన నమూనాల కిట్లు చాలావరకు తడిసిపోయిన సంగతి మీలో కొందరికి తెలుసు. వాటిని ఏం చేశామో, ఆ తర్వాత దుకాణంలో కొన్ని పద్ధతులు ఎందుకు మారాయో ఇంతవరకు అడిగినవారికి అడిగినంత మేరకే చెబుతూ వచ్చాను. ఈమధ్య ఒకరు "తడిసిన సరుకు మాకు అంటగడుతున్నారా?" అని సూటిగా అడిగారు. అడగవలసిన ప్రశ్నే కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నీళ్ళు తీసి షట్టరు ఎత్తేసరికి అట్టపెట్టెలన్నీ గుజ్జు గుజ్జుగా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లోపలి విడిభాగాలు పాలిస్టైరీన్‌తో పోతపోసినవి కాబట్టి వాటికి నీటి వల్ల హాని లేదు. పాడైనవి కాగితం మీద ఆధారపడినవి. డెకాల్ అన్నది నీళ్ళలో అర నిమిషం నానబెడితే కాగితం నుంచి జారి వచ్చేలా తయారుచేసిన పలుచని బొమ్మ. అది రోజుల తరబడి బురదనీటిలో ఉంటే ఏమవుతుందో ఆ రోజు చూశాను. మన వాయుసేన మూడు రంగుల వృత్తాలు కాగితాన్ని వదిలేసి, ప్లాస్టిక్ సంచి లోపలి గోడకు ముడతలు పడి అంటుకుని ఉన్నాయి. గోటితో తీయబోతే పొడిగా రాలిపోయాయి. ఏ భాగం ఎక్కడ అతికించాలో, ఎక్కడ ఏ రంగు వేయాలో చెప్పే కాగితాలూ అలాగే పోయాయి.

విడిభాగాలను సబ్బునీటితో కడిగి డాబా మీద ఆరబెట్టాం. మొదటి విడతను తొందరపడి ఎండలోనే పరిచాను, కొన్ని సన్నని రెక్కలు వంగిపోయాయి. వేడినీటిలో కాసేపు ముంచి చేత్తో సరిచేస్తే చాలావరకు దారికి వచ్చాయి. మిగిలినవన్నీ నీడలో ఆరబెట్టి, సంచుల్లో కట్టి, "ప్లాస్టిక్ మాత్రమే" అని పైన రాసి, మూడో వంతు ధరకు పెట్టాం. నాలుగు నెలల పాటు వాటిని దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. డెకాళ్ళు లేని విమానం, సూచనలు లేని కిట్ ఎవరికి కావాలని నేనూ అనుకున్నాను.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధ విమానాలకు వాయుసేన వీడ్కోలు పలికింది. 1963 నుంచి సేవలో ఉన్న విమానం కావడంతో ఆ నెలంతా ఆ కిట్ కోసమే ఫోన్లు వచ్చాయి. నా దగ్గర ఉన్నవల్లా ఆ సంచులే. ఆ విషయం చెప్పాక కూడా గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి రెండు తీసుకున్నారు. ఆయన వాయుసేనలో మెకానిక్‌గా పనిచేసి విరమించినవారు. డెకాళ్ళు లేనందుకు క్షమించమన్నాను. దానికాయన, తాను చూసిన విమానాల్లో ఏ రెండింటి రంగూ ఒక్కలా ఉండేది కాదని, ఎండకు ఒకటి వెలిసిపోతే, పలకలు మార్చిన చోట ఇంకొకటి మచ్చలు పడేదని, తనకు కావలసింది తాను రోజూ విప్పి బిగించిన ఆ వెనుక భాగమేనని అన్నారు. నెల తర్వాత తెచ్చి చూపించారు. 1:72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతలో, దాని రెక్కల వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లే. తోక దగ్గర శరీరాన్ని రెండుగా విడదీసి, పక్కన చిన్న ట్రాలీ మీద అగ్గిపుల్లలతో, రాగితీగతో ఇంజన్ కట్టి పెట్టారు. మిగతా విమానానికి బూడిదరంగు ఒక్క పూత వేసి వదిలేశారు.

దాన్ని చూసినప్పుడు నాకు గుర్తొచ్చిన ఒక విషయం మీ ముందు ఒప్పుకోవాలి. వరదకు ముందు సంవత్సరం మేము పెట్టిన ప్రదర్శనకు తొమ్మిదో తరగతి బాబు ఒకడు స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం) నమూనా తెచ్చాడు. రెక్కలకు కొండపల్లి బొమ్మల పసుపు, అంచులకు ఎరుపు, తోక మీద ఆకుల తీగ వేశాడు. అటువంటి విమానం ఎక్కడా లేదని నలుగురిలో అతనితో అన్నాను, దాన్ని బల్ల చివరకు జరిపాను. ఆ తర్వాత అతను రాలేదు. ఈమధ్య వాళ్ళమ్మగారు రంగులు కొనడానికి వస్తే, బాబును తప్పకుండా పంపమని అడిగాను. వచ్చాడు. నేను అన్నది తప్పని అతనితో చెప్పాను.

అతను కొండపల్లి వాళ్ళలా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుల సందులు పూడ్చి చూశాడట. తెల్ల పొణికి కర్రను పట్టే ఆ మక్కు నున్నని ప్లాస్టిక్‌ను పట్టదు, ఎండగానే పెచ్చులుగా ఊడిపోతుంది. కత్తిరించగా మిగిలిన స్ప్రూ (విడిభాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కలను, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే సిమెంట్ అనే జిగురు సీసాలో వేసి కరగనిస్తే చిక్కని ముద్ద వస్తుందని, అది అదే ప్లాస్టిక్ కాబట్టి సందులో కలిసిపోతుందని చూపించాను. ఒకటి రెండు రోజులు పూర్తిగా గట్టిపడనిచ్చాకే 400, తర్వాత 1000 నంబరు ఎమరీ పేపరుతో రుద్దాలి, లేకపోతే ఆరే కొద్దీ అక్కడ గుంట పడుతుంది. పిల్లలు ఈ పని కిటికీ తెరిచిన గదిలో, పెద్దవాళ్ళ ఎదుటే చేయాలి.

ఇకపై మా ప్రదర్శనలో అసలు విమానంతో పోల్చి మార్కులు వేయడం ఉండదు. రివెట్ల వరుసలు లెక్కపెట్టి కట్టేవారంటే నాకు గౌరవమే, వారికి కావలసిన డెకాళ్ళు, పుస్తకాలు తెప్పిస్తూనే ఉంటాను. అయితే సరదా కోసం తమకు నచ్చినట్టు కట్టుకునేవారిని ఇకమీదట ఎవరూ ఈ దుకాణంలో తక్కువ చేసి మాట్లాడరు.

మరొక్క మాట. సంచులు కట్టేటప్పుడు మా పొరపాటు వల్ల కొన్నింటిలో కెనోపీ, అంటే పైలట్ కూర్చునే చోటు మీది అద్దం లాంటి మూత, పడలేదు, కొన్నింటిలో పడినా ఇసుకకు గీతలు పడ్డాయి. అటువంటిది మీ దగ్గరకు వచ్చి ఉంటే సంచి తిరిగి ఇవ్వనక్కర లేదు, డబ్బు వెనక్కి ఇస్తాను. అద్దం మీది గీతలను టూత్‌పేస్టుతో మెల్లగా రుద్ది చాలావరకు పోగొట్టవచ్చు, ఎలాగో దుకాణంలో చూపిస్తాను.

ఇంకా 31 సంచులు ఉన్నాయి. ఆదివారాలు సాయంత్రం నాలుగు గంటలకు గవర్నర్‌పేట దుకాణంలో బల్ల వేస్తున్నాం. విడిభాగాలు కత్తిరించే నిప్పర్లు, సిమెంట్, మిగ్ ముక్కులో బరువుకు పెట్టే సీసం గుళ్ళు మేమే ఇస్తాం. ఆ బరువు లేకపోతే విమానం తోక మీద కూర్చుంటుంది కాబట్టి శరీరం మూయకముందే అడగండి. కౌంటరు మీద ఉన్న పసుపు రెక్కల స్పిట్‌ఫైర్ అమ్మకానికి కాదు, ఆ బాబు చూడడానికి ఇచ్చాడు.