పడవ ట్రైలర్‌ని నీళ్ళలోకి ఎందుకు దించారని అడిగిన కంపెనీ వారికి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఇది నేను మీకు రాస్తున్న ఐదో లేఖ. మొదటి నాలుగూ అందాయని మీ కంప్యూటర్ ధన్యవాదాలు చెప్పింది. ఎవరైనా చదివారో లేదో మాత్రం చెప్పలేదు.

సంగతి చిన్నదే. హుస్సేన్ సాగర్‌లో నడిపే మా తెరచాప పడవని మీ ట్రైలర్ మీద కట్టుకుని విశాఖ బయల్దేరాం. కొర్లపహాడ్ టోల్ దగ్గర వెనక లారీ డ్రైవర్ దిగొచ్చి "సార్, చక్రం పొగలొస్తోంది" అన్నాడు. చక్రం మధ్యలో ఉండే హబ్ మీద నీళ్ళు పోస్తే చుయ్యిమంది. సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ విప్పి చూపిస్తే లోపల గ్రీజు పాలెక్కువైన టీలా ఉంది. నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీల్‌ని తిరగేసి బిగించారట, నీళ్ళు దూరి బేరింగ్ పోయింది. సరే, పొరపాట్లు ఎవరైనా చేస్తారు. నా కోపం దానిమీద కాదు.

మీ నంబరుకి ఫోన్ చేసి తెలుగు కోసం రెండు నొక్కితే హిందీలో ఒకాయన పలికాడు. ఇంకో డిపార్ట్‌మెంట్‌కి కలుపుతానని ఇరవై నిమిషాలు సన్నాయి వినిపించి పెట్టేశాడు. రెండోరోజు ఒకమ్మాయి "గుంతల్లో స్పీడుగా వెళ్ళారా సార్?" అంది. అమ్మా, 60 దాటలేదు. మాస్ట్, అంటే తెరచాప కట్టే కొయ్య, దించి పొడవునా కట్టి, చివర ఎర్రగుడ్డ వేలాడదీశాను. సేఫ్టీ చైన్లు రెండూ కొక్కెం కింద అడ్డంగా దాటించి తగిలించాను. చిట్యాలలో టీకి ఆగినప్పుడు హబ్ మీద చెయ్యిపెట్టి కూడా చూశాను, వెచ్చగా ఉందంతే. అంతా విని ఆమె అడిగింది: "ట్రైలర్‌ని నీళ్ళలోకి దించారా? అయితే వారంటీ వర్తించదు సార్."

పడవని నీళ్ళలోకి ఎలా దించాలో మీరే చెప్పండి. భుజాన మోసుకెళ్ళాలా?

బాలానగర్‌లో మీ సర్వీస్ సెంటర్‌కి స్వయంగా వెళ్ళాను. సాయంత్రం నాలుగింటికి "సార్ లంచ్‌కెళ్ళారు" అన్నారు. ఆరింటికి షట్టర్ దించారు. ఆ రాత్రే మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఎవరి సమస్యో తెలియలేదు.

ఇది మీ దగ్గర కొన్న మూడో ట్రైలర్. నా మాట నమ్మి క్లబ్బులో ఇంకో ఇద్దరు కొన్నారు. ఇప్పుడు వాళ్ళకి మొహం చూపించలేకపోతున్నాను. హబ్బు మార్చి, పడవని వెనక్కి తెచ్చిన డీసీఎం కిరాయి ఇవ్వండి, లేదా డబ్బు మొత్తం వాపసు చేయండి. కనీసం తెలుగొచ్చిన మనిషి ఒక్కరు ఫోన్ చేసి తప్పైపోయిందనండి. సోమవారం లోపు అదీ జరక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం. లంచ్ టైము చూసుకునే వస్తాను.

ట్రైలర్ మాత్రం నెలన్నరగా సూర్యాపేటలో, మెకానిక్ షెడ్డు వెనక వేపచెట్టు కింద ఉంది. అద్దె ఇస్తానంటే వద్దన్నాడు.

ఇట్లు,
ఇంకా మీ కస్టమర్నే

తా.క.: ఇది రాస్తుండగానే మీ మెసేజ్ వచ్చింది, మీ సేవలకి ఎన్ని స్టార్లు ఇస్తానో చెప్పమని.